ఎక్కువైన నాలుగు రోజులు

ఆ మనిషి నాలుకకు వేలు తడుపుకుంటూ నా పాస్‌పోర్టు పేజీలు తిప్పుతుంటే చూడలేక కిటికీ వైపు మొహం పెట్టాను. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో ఒక బట్టల కొట్టు పైన అతని ఆఫీసు. పన్ను కాగితాలు రాసిపెడతాడు.

నేను ఫిజియోథెరపిస్టుని. అంతకు ముందటేడు ఆగస్టు పదిన ఉద్యోగానికి న్యూజిలాండ్ వెళ్లాను. వెళ్లిన ఆ సంవత్సరానికి పన్ను లెక్కలో నేను ఏ దేశపు నివాసినో తేలాలి. మరుసటి ఏడు జూలైలో సెలవు మీద వచ్చినప్పుడు అందుకే అతని దగ్గరికి పోయాను. నాలాగా ఉద్యోగానికి వెళ్లినవాళ్లు ఏప్రిల్ నుంచి మార్చి లోపల ఇక్కడ నూట ఎనభై రెండు రోజులు ఉంటే ఇక్కడివాళ్లు, అక్కడి జీతానికి కూడా ఇక్కడ పన్ను పడుతుంది. ఒక్క రోజు తగ్గినా కాదు.

అతను ముద్రలు చూసి లెక్కపెట్టాడు. "మీరు పోయేటాళ్లకే నూట ముప్పై రెండు అయినయ్ మేడం. మళ్ల జనవరిల వచ్చి యాభై మూడు దినాలున్నరు. వచ్చిన రోజు, పోయిన రోజు సుత కలుస్తయ్. నూట ఎనభై అయిదు. నూట ఎనభై ఒకటి దాటొద్దుండె, నాలుగు ఎక్కువైనయ్."

"ఇప్పుడేం చేయాలి?"

"మార్చి తొమ్మిదికి ఫ్లైట్ ఎక్కితే బయటపడుతుంటిరి కద. గా నాలుగు దినాలు ఏం పని పడ్డది మీకు?"

మార్చి తొమ్మిది మా అక్కను భూస్థాపన చేసిన రోజు.

అక్క స్కూల్లో తెలుగు టీచరు. బావ ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. నేను పెళ్లి చేసుకోలేదు. ఇరవై ఏళ్లు ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. కాలేయానికి వచ్చిన జబ్బు ముదిరాక నాకు తెలియనిచ్చింది. జనవరిలో ఉన్నపళంగా వచ్చేశాను. రెండు గంటలకోసారి ఆమెను పక్కకు తిప్పడం, వీపు తుడవడం, పౌడరు వేయడం. ఊళ్లో అందరికీ చేసిన పనే ఆమెకూ చేశాను. ఆమె పోయాక అద్దెకు తెచ్చిన మంచం వెనక్కి పంపించాను. చీరలు చర్చిలో ఇచ్చాను. పాత విద్యార్థులు వస్తే కూర్చోబెట్టి మాట్లాడాను. జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు విమానం ఎక్కాను. నాలుగు రోజుల్లో చేసిన పని అది.

"మా అక్క చనిపోయింది. ప్రార్థన కూడిక పెట్టుకున్నాం" అన్నాను.

"అయ్యో. గది ఆన్‌లైన్‌ల పెట్టుకుంటే అయిపోతుండె మేడం."

వెటకారంగా అనలేదు. నా మేలు కోరినట్టే అన్నాడు. అదే నాకు ఎక్కువ రోతగా అనిపించింది.

రెండు దేశాలూ నన్ను తమ మనిషే అంటాయట. అప్పుడు రెండింటి మధ్య ఉన్న ఒప్పందం చూడాలి. మొదటి ప్రశ్న నీ ఇల్లెక్కడ. అది తేలకపోతే నీ దగ్గరి మనుషులెక్కడ.

"సికింద్రాబాద్‌ల మీకు ఎవరెవరున్నరు?"

"అక్క ఒక్కతే ఉండేది."

"అంటే ఇప్పుడెవరూ లేరు." కాగితం మీద ఆ మాటే రాసి కింద గీత గీశాడు. "మంచిదే మేడం. గది మనకు కలిసొచ్చింది."

ముందు పెట్టిన చాయ్ మీద మీగడ ముడత పడింది. అతను దాన్ని వేలితో తీసి గోడకు రాశాడు. ఆ గోడ నిండా అలాంటి మరకలే.

"ఇల్లు ఖాళీగ పెట్టుకున్నరు, గదొక్కటే పరేషాన్. ఎవరికన్న కిరాయికిచ్చినట్టు పాత తారీఖు మీద అగ్రిమెంట్ రాయిస్త. మీ చుట్టాలల్ల ఒక పేరు చెప్పుండ్రి, చాలు."

బోయిన్‌పల్లిలో ఉండే మా పెదనాన్న కొడుకు పేరు నా నోటిదాకా వచ్చింది. దాచను. వచ్చింది. పాస్‌పోర్టు తీసుకుని లేచాను.

ఇంటికొచ్చి దూదిని డెట్టాల్‌లో ముంచి ప్రతి పేజీ తుడిచాను. తుడుస్తుండగా ఒక ఆలోచన వచ్చింది. అక్క ఇంకో నాలుగు రోజులు ముందు పోయుంటే సరిపోయేది. ఎవరో చెవిలో చెప్పినట్టు కాదు, నా గొంతుతోనే, పూర్తి వాక్యంగా వచ్చింది. బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాను. ఆ మనిషిని అసహ్యించుకోవడానికి నాకేం హక్కు ఉందో అర్థం కాలేదు.

మరుసటి వారం యాప్రాల్‌లో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఆడిటర్. అవే ప్రశ్నలు అడిగింది. ప్రశ్నలు మారవు కదా.

"ఇంటి తాళం ఎవరి దగ్గరుందమ్మా?"

"నా దగ్గరే."

"అక్కడ ఎక్కడుంటున్నారు?"

"ఒక నర్సుతో కలిసి ఒకే గదిలో. వారం వారం అద్దె. ఎప్పుడు ఖాళీ చేయమంటే అప్పుడు చేయాలి."

"అట్లయితే ఆ సంవత్సరానికి మీ ఇల్లు ఇదే. మీరు ఇక్కడివాళ్లే. అక్కడ కట్టిన పన్ను తీసేసి మిగిలింది ఇక్కడ కట్టాలి. తక్కువేం కాదు, ముందే చెప్తున్నా."

కట్టాను. సంతకం పెట్టేటప్పుడు గొప్పగా ఏమీ అనిపించలేదు. కార్ఖానా మనిషి మాత్రం మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి ఎత్తి సంగతి చెప్పాను. "ఉత్తగనే నష్టపోయిండ్రు మేడం, నా మాట ఇంటే అయిపోతుండె" అని నొచ్చుకున్నాడు. ఆ నంబరు రాకుండా చేశాను.

మర్నాడే న్యూజిలాండ్ తిరిగి వెళ్లాను. ఫిబ్రవరిలో పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అక్క వర్ధంతి కూడికకు వస్తావు కదా చెల్లెమ్మా? ఎన్ని రోజులుంటావు?"

వస్తానని చెప్పడానికి ముందు ఫోన్లో క్యాలెండర్ తెరిచి ఆ ఏడాది సికింద్రాబాద్‌లో గడిపిన రోజులు లెక్కపెట్టాను. ఆ అవసరం నాకు లేదు. గడువుకు దగ్గర్లో కూడా లేను. అయినా వేలు దానంతటదే పోయింది. అన్నయ్య అవతల "వినపడుతోందా, వినపడుతోందా" అంటూనే ఉన్నాడు.