లేచి వచ్చాక మళ్ళీ కూర్చోవడం

మా ఇంట్లో మగవాళ్ళు బేరమాడేవారు కాదు. కొట్టువాడు చెప్పిన ధర ఇచ్చెయ్యడం, నచ్చకపోతే మాట్లాడకుండా లేచి వచ్చెయ్యడం, ఈ రెండే మాకు తెలుసు. పెంటపాడు దగ్గర మా ఊళ్ళో మా ఇంటిని దివాణం అనేవారు. నేను పుట్టేనాటికి దివాణంలో మిగిలినవి పెంకులు జారిన సావడి, ఎవరూ కూర్చోని పడక్కుర్చీ, ఈ అలవాటు. సావడీ కుర్చీ కూడా పోయాక, అలవాటు ఒక్కటీ నా వెంట ఏలూరు వచ్చింది.

ఏలూరు కూరల మార్కెట్లో నా భార్య బేరమాడుతుంటే నేను ఎదురుగా సోడాబండి దగ్గర నిలబడేవాణ్ణి. ఆమే పంపేది.

"మీరు పక్కనుంటే బేరం తెగదండీ. మీ మొహం చూసి వంకాయల రేటు పెంచేస్తున్నారు. వెళ్ళి సోడా తాగండి."

ఆ రోజుల్లో నేను దెందులూరు దాటాక హైవే పక్కన ఒక రొయ్యల ప్లాంటులో కాటా దగ్గర గుమస్తాను. కొత్త శతాబ్దం మొదలైన ఆ ఏళ్ళలో కొల్లేటి అంచున, మండవల్లి వైపు, చేపల చెరువుల్లో నీలకంఠ రొయ్య కూడా వేసేవారు. ఐసు పెట్టెల్లో సరుకు దిగేది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ట్రాలీ ఆటోల్లో వచ్చి, పొడుగాటి బల్లల దగ్గర నిలబడి, తలలు తీసి పొట్టు వలిచేవారు. ఐసు నీళ్ళలో నానిన వాళ్ళ వేళ్ళు తెల్లగా, ముడతలు పడి ఉండేవి. నేను కాటా కిటికీలోంచి వాళ్ళని మీరు అని పిలిచేవాణ్ణి. అది గౌరవమనుకునేవాణ్ణి. నిజానికి అది దూరం. వాళ్ళకది తెలుసు. నన్ను దివాణంగారు అనేవారు.

వాళ్ళలో ఒకావిడ ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. ఆ గొంతు షెడ్డులో మోటార్ల హోరుని దాటి వినిపించేది. సంఘం పెట్టుకుందామని బల్ల బల్లకీ తిరిగి చెప్పింది ఆవిడే. సంఘం రిజిస్టరైంది. ఆ సంగతి తెలియజేసే కాగితం మేనేజరు గదిలో ఇచ్చి వచ్చిందీ ఆవిడే. మర్నాడు పొద్దున్న గేటు దగ్గర కాపలావాడు, "నిన్ను పంపొద్దన్నారమ్మా" అన్నాడు. పక్క ప్లాంటుకి వెళ్ళింది. అక్కడికి అప్పటికే కబురందింది. ఇంకో చోటికి వెళ్ళింది, అక్కడా అంతే. ఆవిడ భర్త నడుము పడిపోయి ఇంట్లో ఉంటున్నాడు. ఇల్లంతా ఆ చేతుల మీదే నడిచేది.

ఏలూరులో ఒక వకీలు ఆ ఆడవాళ్ళని కూర్చోబెట్టి చట్టం వివరించాడు. నన్ను కూడా రమ్మన్నారు. వెళ్ళి గోడవారన నిలబడ్డాను. సంఘం పెట్టుకునే హక్కు చట్టంలో ఉంది; ఆ సంఘాన్ని గుర్తించి, ఎదురుగా కూర్చుని మాట్లాడి తీరాలని యజమానిని కట్టేసే మాట మాత్రం గట్టిగా లేదు అన్నాడాయన. దాన్ని మార్చాలని ప్రతిపాదనలు నడుస్తున్నాయట. కార్మికులు రహస్యంగా ఓటేసి ఏ సంఘాన్ని ఎంచుకుంటే ఆ సంఘంతో యాజమాన్యం మాట్లాడాలి, సంఘం పెట్టినందుకు ఎవరినీ తీసెయ్యకూడదు, తీసేస్తే వెంటనే వెనక్కి తీసుకోవాలి.

"ఎప్పుడొత్తాదండీ ఆ చట్టం?" అని అడిగిందావిడ.

"చెప్పలేనమ్మా. చర్చలో ఉంది."

"చర్చలో ఉందా? మా చర్చిలో పైకప్పు రిపేరు కూడా అలాగే ఉందండీ, నా పెళ్ళికి ముందు నుంచీ" అంది. అందరూ నవ్వారు. వకీలు కూడా నవ్వాడు. తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. "చట్టం వచ్చేదాకా మా తరపున మాటాడ్డానికి మీరు రావాలండీ. ఆఫీసు మనుషుల భాష మీకు తెలుత్తాది."

అడిగినవాళ్ళకి లేదనడం మా ఇంట్లో లేదు. సరే అన్నాను. దానం చేస్తున్నట్టే అన్నాను.

సరుకు బాగా దిగే రోజుల్లో ఒక పూట ఆడవాళ్ళంతా గేటు బయట కూర్చున్నారు. ఐసు కరుగుతోంది, రొయ్య ఆగదు. రేపు పొద్దున్న మాట్లాడదాం, ఇప్పుడు పనిలోకి రండి అని మేనేజరు దిగివచ్చాడు. ఆ సాయంత్రం నా భార్యకి సంగతి చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపేసింది.

"బేరానికి మీరా వెళ్ళేది?"

"బేరం కాదు. చర్చలు."

"పేరు ఏదైతేనేమండీ. ఇలా కూర్చోండి." స్టీలు చెంబు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "నేను కొట్టుదాన్ని. అడగండి."

ధర అడిగాను. చెప్పింది. సరే అన్నాను.

ఆమె నుదురు కొట్టుకుంది. "అయిపోయింది. ఆవిడ ఉద్యోగం గంగలో కలిపేశారు."

మళ్ళీ మొదలుపెట్టాం. రెండోసారి ధర నచ్చలేదని లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. వెనక నుంచి ఆమె, "ఏవండీ, రండి, చూసి ఇస్తాను" అని పిలిచింది. నేను వీధిలోకి వెళ్ళిపోయాను.

చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. "పిలిచాను కదండీ!"

"లేచి వచ్చాక మళ్ళీ వెళ్ళడమేమిటి?"

"అదేనండీ బేరమంటే. లేచి రావడం మీ వంశానికి ఎవరూ నేర్పక్కర్లేదు. వెనక్కి తిరగడమే ఒక్కళ్ళకీ రాదు."

నవ్వుతూనే అంది గాని ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మా తాతగారికి దాయాదులతో పొలం తగువు. తాడేపల్లిగూడెంలో ఒక ప్లీడరు అరుగు మీద రాజీకి కూర్చోబెట్టారట. ఏదో ఒక మాట దగ్గర తాతగారు లేచారు. అవతలివాళ్ళు వీధి మలుపు దాకా వచ్చి పిలిచారు. ఆయన మెడ తిప్పలేదు. ఆ తగువు కోర్టుల్లో తిరిగి తిరిగి, పొలం పోయాకే ఆగింది. మా అమ్మ ఈ కథ ఎప్పుడు చెప్పినా, "మీ తాతగారు మెడ తిప్పలేదురా" అన్నచోట గొంతు పెంచేది. మిగతాది తగ్గించి చెప్పేది.

మర్నాడు మేనేజరు గదిలో నేను, నాతోపాటు ఇద్దరు ఆడవాళ్ళు. తీసేసినావిడ గేటు బయట రేకుల నీడలో నిలబడింది. మేనేజరు మెత్తగా మాట్లాడే మనిషి. టీ తెప్పించాడు.

"మీరు పెద్దింటివారు. వీళ్ళతో మీకెందుకండీ?" అన్నాడు నాతో.

"పెద్దింటోరనే తెచ్చుకున్నామండీ. మేం చెప్తే మీకు ఇనపడతాలేదు కదా" అంది నా పక్కనావిడ.

గ్లౌజులకి ఒప్పుకున్నాడు. రబ్బరు బూట్లకి ఒప్పుకున్నాడు. కాసేపు కూర్చోవడానికి షెడ్డులో బెంచీలన్నా ఒప్పుకున్నాడు. చివరికి నేను, "ఆవిడ లోపలికి రావాలి" అన్నాను.

"అదొక్కటీ వదిలేయండి."

"ఆవిడ లోపలికి రావాలి."

"కొన్నాళ్ళు పోయాక కొత్త మనిషిలా చేర్చుకుంటాం. పాత సర్వీసు అడక్కండి. ఇన్ని ఇచ్చాను కదండీ, ఒకటి మీరు ఇవ్వరా?"

నా పక్కన ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బూట్లూ బెంచీలూ చిన్నవి కావు. ఏమనాలో నాకు తెలియలేదు. అందుకని తెలిసిన పనే చేశాను. లేచాను.

తలుపు దాటాను. కాటా గది దాటాను. తడి నేల మీద చెప్పులు జారుతున్నా నడుము వంచలేదు. వెనక నుంచి మేనేజరు గొంతు వినిపించింది. "ఏవండీ! ఒక్క నిమిషం. రండి, మాట్లాడుకుందాం."

విన్నాను. కాళ్ళు ఆగలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఆవిడ గుర్తు లేదు. వీపు మీద అందరి చూపులూ ఉన్నాయని, ఎంత బాగా నడుస్తున్నానో అని, అదే గుర్తుంది. ఎండలోకి వచ్చాను. గేటు అవతల రోడ్డు, రోడ్డు మీద ఏలూరు బస్సు ఆగే చోటు కనిపిస్తున్నాయి.

గేటు ఊచలు పట్టుకుని ఆవిడ నిలబడి ఉంది. నా మొహంలోకి కాదు, నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది.

"పిలుత్తున్నారండీ!"

నేను నడుస్తూనే ఉన్నాను.

"దివాణంగారండీ, మిమ్మల్నే! ఇనపడతాలేదా?" గేటు ఊపింది. చర్చిలో పాట ఎత్తుకునే ఆ గొంతు ప్లాంటంతా వినిపించింది. "మీ పరువు ఎక్కడికీ పోదండీ, నేను చూసుకుంటాను. ముందు ఎనక్కి తిరగండి బాబూ! అది నా ఉద్యోగం!"

ఆగాను. కాటా కిటికీలోంచి, షెడ్డు గుమ్మంలోంచి ఆడవాళ్ళు తలలు బయటపెట్టి చూస్తున్నారు. మేనేజరు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పిలుస్తూ నిలబడటం ఆయనకీ తేలిక కాదని అప్పుడు తట్టింది. మా తాతగారిని పిలిచినవాళ్ళకీ తేలికై ఉండదు.

తిరిగాను. అదే తడి నేల మీద, అదే గదిలోకి వెళ్ళి, అదే కుర్చీలో మళ్ళీ కూర్చున్నాను. నా టీ అలాగే ఉంది, మీగడ కట్టింది. తాగాను.

"పాత సర్వీసుతోనే రమ్మనండి" అన్నాడు మేనేజరు. "బెంచీలు మాత్రం వచ్చే నెలలో."

బెంచీలు ఈ నెలలోనే కావాలనాలని తోచింది. అన్నాను. ఆయన నవ్వి, తలూపాడు. నా జీవితంలో నేనాడిన మొదటి బేరం అది. గుండెల మీంచి పడక్కుర్చీ ఎవరో దించినట్టయింది.

ఆ ప్రతిపాదనల గురించి తర్వాత కూడా చదువుతూ వచ్చాను. ఎవరు ఎవరిని గుర్తించాలి, ఓటు ఎలా వెయ్యాలి అని వాదనలు సాగేవి. నాకు మాత్రం అందులో ఒక్క మాట చాలు: రెండు వైపులవాళ్ళూ కూర్చుని తీరాలి. అలాంటి చట్టముంటే ఒకావిడ అన్నం, లేచి వెళ్ళిపోయే మనిషి మెడ మీద ఆధారపడి ఉండదు. ఐసు కరిగే రోజు కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ లోపలికి వచ్చింది. జుట్టు మీద టోపీ సర్దుకుంటూ, తన పాత బల్ల వైపు వెళ్తూ కాటా కిటికీ దగ్గర ఆగింది.

"మెడ పట్టేసిందాండీ?"

"లేదండీ" అన్నాను.

"పట్టేత్తే చెప్పండి. మా ఆయన నడుముకి రాసే తైలం ఉంది" అని, వేళ్ళు ఐసు నీళ్ళలో ముంచడానికి వెళ్ళిపోయింది. కాసేపటికి షెడ్డులో ఆ గొంతు మళ్ళీ మోటార్ల మీంచి వినిపించింది. నేను కాటా రాసుకోవడం ఆపి, విన్నాను.