అక్క కాలికి సరిపోయే మెట్లు

చలికాలంలో మార్గళి నెల మొదలైందంటే మా ఆదివారాలు కొండ మీదే గడిచేవి. తమిళనాట మా ధర్మపురిలో చీకటితో బస్సెక్కి బొమ్మిడి దాటాక దిగితే, ఎదురుగా సగం మంచులో మునిగిన కొండ కనిపించేది. పైన ఒక చిన్న ఊరు, ఊరి మొదట్లో ఒక టీకొట్టు. అక్కడికి మూడు దారులు. జీపులు తిరిగే మట్టిరోడ్డు కొండను చుట్టుకుంటూ నెమ్మదిగా ఎక్కుతుంది. మోకాళ్లు సహకరించని వాళ్లకు అదే దారి. చింతచెట్ల కిందుగా పోయే కాలిబాట నాలాగా ఆగి ఆగి ఎక్కేవాళ్లకు. మూడోది బండల మీదుగా నిటారుగా పోతుంది. మంచుకు తడిసి కాలు నిలవదు. మేకలు కాసేవాళ్లు తప్ప ఎవరూ అటు పోరు. మా బావ పోయేవాడు.

పెళ్లయిన కొత్తలో స్కూటర్ మీద నుంచి పడినప్పటి నుంచీ అక్క ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. ఆమె ఎప్పుడూ మట్టిరోడ్డే. అయినా మా ముగ్గురిలో పైకి చివరగా వచ్చేది బావే. చేతివేళ్లు గీరుకుపోయి, గోళ్లలో మట్టితో వచ్చేవాడు.

"బండలెక్కే వయసా మీకు? ఆ చేతులు చూడండి," అని అక్క కేకలేసేది.

బావ నవ్వి, టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చునేవాడు.

పోయిన వానాకాలంలో బావ పోయాడు. అన్నం తిని లేస్తూ అట్లాగే కూలబడ్డాడు. మార్గళి వచ్చినా నేను కొండ మాట ఎత్తలేదు. ఒక ఆదివారం తెల్లారకముందే అక్క మా గుమ్మంలో నిలబడి ఉంది. తలకు బావ మంకీ క్యాప్.

"రా, పోదాము. ఈ తూరి ఆయన దారిలో ఎక్కతాను."

"నీ కాలితో అది అయ్యే పనేనా అక్కా?"

"అయినంత దూరం పోతాను. ఇన్నేండ్లలో ఒక్కతూరి కూడా నన్ను ఆ పక్కకి రమ్మనలేదు. ఆడ ఏముండాదో చూడాల."

మంచు ఎంత చిక్కగా ఉందంటే, ముందు నడుస్తున్న అక్క చీర రంగు కూడా తెలియలేదు. కింద బొమ్మిడిలో రైలు కూసింది. ఆ కూత ఎటు నుంచి వచ్చిందో చెప్పలేను. అది ఆగాక పైనుంచి ఇంకో చప్పుడు వినిపించింది. రాయి మీద రాయి పెట్టి, కదలకుండా సర్దుతున్న చప్పుడు. కాసేపు ఆగింది. మళ్లీ వచ్చింది.

"ఎవరది?" అని తమిళంలో కేకవేశాను. బదులు రాలేదు.

అక్క కేక వేయలేదు. నడక పెంచింది.

మలుపు తిరగ్గానే మెట్లు కనిపించాయి. పలకరాళ్లు పేర్చి, సందుల్లో చిన్న రాళ్లు బిగించిన మెట్లు. నేను ఎక్కబోతే కాలు తడబడింది, అంత పొట్టిగా ఉన్నాయి. అక్క ఎడమ కాలు పెట్టింది. మోకాలు వంచాల్సిన అవసరమే రాలేదు. ఇంకో మెట్టెక్కింది. ఆ తర్వాత అక్కడే కూర్చుని రాతిని అరచేత్తో తడుముతూ ఉండిపోయింది.

"ఒక్క మాటైనా చెప్పినాడా చూడు," అంది చివరికి. "అంతా అయినాక చూపిద్దామని ఉండినాడేమో."

ఒక పెద్ద బండ కింద మెట్లు ఆగిపోయాయి. ఆ పైన అంతా నున్నటి రాయి. అక్క ఆ బండకు వీపు ఆనించి చాలాసేపు కూర్చుంది. చప్పుడు మళ్లీ రాలేదు. మేము దిగి వచ్చేశాం.

మరుసటి ఆదివారం మళ్లీ పోయాం. పోయిన వారం అక్క వీపు ఆనించిన చోట ఒక కొత్త మెట్టు ఉంది. దాని అంచుకు ఎర్రమట్టి ఇంకా తడిగా అంటుకుని ఉంది. వేలితో తాకి చూశాను. అప్పుడే మేకలు తోలుకుంటూ ఒక ముసలామె దిగి వస్తోంది. ఈ మెట్టు మీవాళ్లు కట్టారా అని అడిగాను.

"మేకలకు మెట్లెందుకమ్మా?" అందామె తమిళంలో. "ముందు ఒకాయన వచ్చి కట్టుకుంటూ ఉండేవాడు. ఈ ఏడు కళ్లబడలేదు. బాగున్నాడా?"

నేను వంగి చెప్పు సరిచేసుకున్నాను.

"బాగున్నాడు," అంది అక్క తడబడకుండా.

ముసలామె పోయాక అక్క వైపు చూశాను. ఆమె అప్పటికే కొత్త మెట్టు మీద కాలు పెట్టింది. "ఎత్తు సరిగ్గా ఉండాది," అంది.

ఆ తర్వాత నేను ఆ దారి తొక్కలేదు. నా కాలిబాటలో ఎక్కి టీకొట్టు దగ్గర ఎదురుచూసేదాన్ని. ప్రతి వారం కొత్త మెట్లు ఉన్నంత దూరం ఎక్కి, అక్కడి నుంచి దిగిపోయి, అక్క బస్సు దగ్గర నన్ను కలుసుకునేది. సంక్రాంతి దాటి తై నెల నడుస్తుండగా, చలి తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున, బండల అంచు మీద మంకీ క్యాప్ కనిపించింది. అక్క పైకి వచ్చేసింది. ముఖమంతా చెమట. టీ తాగింది. గ్లాసు ఇంకా వేడిగా ఉండగానే లేచింది.

"ఎండ రాకముందే దిగిపోవాల," అంది.

"మట్టిరోడ్డులో పోదాం రా అక్కా."

"నువ్వు పో."

నేను మట్టిరోడ్డులో ఒక్కదాన్నే దిగాను. బండల వైపు మంచు ఇంకా విడలేదు. అందులోంచి అక్క గొంతు వినిపిస్తూనే ఉంది. ఏడుపు కాదు. ఏదో చెప్పేది, ఆగేది, అవునవును అనేది, మళ్లీ అందుకునేది.