చుట్టల పెట్టె ఉకులేలే

మణుగూరు కాలనీలో మా మామ ఇంటి హాల్లో ఆ రోజు ఉన్నవి: మామ, అత్త, నేను, ఒక కొబ్బరికాయ, పసుపు కుంకుమల పళ్లెం, నేను తయారుచేసిన ఉకులేలే, అంటే నాలుగు తీగల చిన్న గిటారు.

దాని మెడ పాత మంచం పట్టె. తీగలు చేపల గాలం దారం. ఒళ్లు మాత్రం మామది: ఎవరో ఆఫీసరు ఆయనకిచ్చిన ఫారిన్ చుట్టల చెక్కపెట్టె. మామ తాగేది బీడీలే కానీ, నలుగురి ముందు వాటిని ఆ పెట్టెలోంచే తీసేవాడు. అందుకే షరతు పెట్టి ఇచ్చాడు. "మోగకపోతే నా డబ్బ ఎట్లున్నది గట్లనే తెచ్చియ్యాలె, అల్లుడా."

నాకేం భయం? మెడ దూర్చడానికి పెట్టెకు రెండు పక్కలా, మోత బయటికి రావడానికి పైపలకకు ఒకటి రంధ్రాలు పెట్టేశాను. మెడ మీద వేళ్లు నొక్కే మెట్ల దూరాలు కంప్యూటర్‌లో లెక్కగట్టిన మెకానికల్ ఇంజనీర్‌ను.

మీటబోతుంటే అత్త ఆపింది. "కొత్త మిషన్‌ను పూజ చెయ్యకుండనే నడుపుతవా ఏంది?"

తను పనిచేసే బొగ్గుగనిలో మట్టి మోసే కొత్త డంపర్‌కు చేసినట్టే మామ కొబ్బరికాయ కొట్టి, నీళ్లన్నీ ఉకులేలే మీద పోశాడు. తర్వాత అత్త తీరిగ్గా ఫొటోలు తీసింది. డంపర్‌ది ఇనుము. నాది పలుచని చెక్క, నీళ్లకు ఆగని తెల్ల జిగురు. మొదటి తీగ మీటగానే పైపలక తీగలతో సహా లేచి వచ్చింది.

"నువ్వు చేసిన డంపరైతే వానకాలమంత షెడ్డుల పండవెట్టాలె" అన్నాడు మామ.

మెట్ల దూరాలు ఇప్పటికీ కచ్చితంగానే ఉన్నాయని చెప్పాను. ఎవరూ అడగలేదు.

పలక మళ్లీ అతికించి పెట్టె తిరిగిచ్చాను. మామ ఇప్పుడు బీడీలు జేబులోంచే తీస్తున్నాడు. పెట్టెకు రంధ్రాలు మూడు.