మా వదిన వద్దన్న వకీలు

ఆ రోజుల్లో మనిషి మంచివాడో కాదో మాట తీపిని బట్టి తేల్చేసే తెలివి నాకుండేది. మా వదినకైతే నాకంటే రెండింతలు. తొంభైల చివర్లో మేమిద్దరం హోసూరులో నాలుగు కుట్టు మిషన్లతో ఫ్యాక్టరీ కార్మికులకు యూనిఫారాలు కుట్టే షెడ్డు పెట్టాలనుకున్నాం. ఖాతా తెరవాలంటే భాగస్వామ్య పత్రం కావాలంది బ్యాంకు. ఎవరో చెప్పగా బస్సెక్కి కృష్ణగిరిలో ఒక ముసలి లాయరు దగ్గరికి పోయాం. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఉండేది ఇద్దరే కదమ్మా. ఒకరు లేకుండా పోతే షెడ్డు ఏమి కావల్ల? అది ముందు రాయల్ల" అన్నాడు. వదిన చటుక్కున లేచింది. "ఇంకా మిషనుకు దారమే ఎక్కించలా, అప్పుడే చావు మాట ఎత్తినాడు. లే పాపా, ఈ వకీలు మనకొద్దు" అని (ఆయన వింటుండగానే) నన్ను బయటికి లాక్కొచ్చింది. తిరుగు బస్సు సూళగిరి దాటేదాకా ఆయన్ను తిడుతూనే ఉంది. నేను వంత పాడుతూనే ఉన్నాను.

హోసూరులో దొరికిన లాయరు మాకు తెగ నచ్చాడు. ఫ్యాను మా వైపు తిప్పాడు, నిమ్మసోడా తెప్పించాడు, ఒక్క ప్రశ్నా అడగలేదు. మర్నాటికే పత్రం చేతిలో పెట్టాడు. నా పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివితే, మా వ్యాపారం వడ్లు ఆడించి బియ్యం అమ్మడమని ఉంది. (ఏదో రైసు మిల్లు పత్రంలో పేర్లు మాత్రం మార్చినట్టున్నాడు.) "పోనీలే పాపా, గుడ్డలు పోకుంటే బియ్యం అమ్ముకుందాం" అని వదిన కడుపు పట్టుకుని నవ్వింది. ఆ ఒక్క వాక్యం దిద్దించుకుని సంతకాలు పెట్టేశాం.

మూడో ఏడు, నాలుగు రోజుల జ్వరంతో వదిన పోయింది. ఇద్దరిలో ఒకరు పోతే సంస్థ ముగిసినట్టేనని, ఆమె బదులు మా అన్నను చేర్చుకునే మాట పత్రంలో ఎక్కడా లేదని బ్యాంకు ఖాతా ఆపేసింది. కొత్త ఏర్పాటు కుదిరేలోగా ఫ్యాక్టరీ పని వేరేవాళ్లకు పోయింది. షెడ్డు మూసేయక తప్పలేదు.

ఆ ముగింపు పత్రం రాయించడానికి ఒక్కదాన్నే కృష్ణగిరి పోయాను. ముసలాయన గుర్తుపట్టాడు. ఎత్తిపొడుస్తాడని తల వంచుకున్నాను. ఆయన మాత్రం, "ఆ పొద్దు నేనే కొంచెం మెల్లగా అడిగుండాల్సిందమ్మా" అన్నాడు. తరువాత కాగితం తీసి, "ఆయమ్మ పేరేమి?" అన్నాడు. మా ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆమె నాకు వదినే. ఆ పేరు నా నోట ఒక్కసారీ పలికింది లేదు. ఆయన పెన్ను నా వైపు జరిపాడు. నేనే రాశాను (మొదటిసారి తప్పు రాసి, కొట్టేసి).

ఇప్పుడు ఏ పత్రమైనా మూడుసార్లు చదవందే సంతకం పెట్టను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. ఆనాటి నన్ను తలచుకుని నేనూ నవ్వుకుంటాను, కోపం మాత్రం రాదు. వదిన ఏమంటే దానికి అవునని తలూపిన పిల్ల అది. అలా కళ్లు మూసుకుని తలూపడానికి మళ్లీ నాకెవరూ దొరకలేదు.