పిన్నిని తీసుకెళ్ళిన గాలివాన

మా పిన్నికి మారుమనువు కుదిరిన ఎండాకాలమది. యాభైల చివరి మాట. నాకప్పుడు పదేళ్ళో, పదకొండో. నూజివీడు దగ్గర ఒక రైతుగారి మామిడితోటకు మా నాన్న కాపలా. పిందె పడ్డ దగ్గర్నుంచి కోతలు అయ్యేదాకా ఊళ్ళో ఇంటికి తాళం పెట్టి, తోటలో తాటాకు పాకలోనే ఉండేవాళ్ళం. అమ్మ, నాన్న, నేను, అమ్మ చెల్లెలైన పిన్ని.

పిన్నికి చాలా చిన్నప్పుడే పెళ్ళి చేశారట. ఏడాది తిరక్కుండా అతను విషజ్వరంతో పోయాడు. వెనక్కి రావడానికి పుట్టిల్లంటూ మిగల్లేదు కాబట్టి అక్క దగ్గరికే వచ్చేసింది. అమ్మకు ఉబ్బసం. పొయ్యి దగ్గర కూర్చోలేదు, పిల్లను ఎత్తుకుని తిరగలేదు. అందుకని నేను పిన్ని చంకలోనే పెరిగాను. ఎవరైనా కొత్తవాళ్ళు నన్ను చూసి "మీ అమ్మాయా?" అని అడిగితే ఆవిడ కాదనేది కాదు. నా నెత్తిన చెయ్యేసి నవ్వేది.

చింతలపూడి వైపు నుంచి ఏటా ఎండాకాలంలో ఒకాయన బండి తోలుకుని వచ్చేవాడు. మా తోట కాయ మార్కెట్టుకు చేర్చడం ఆయన పని. భార్య పోయి చాలా కాలమైంది. ఇంట్లో ముసలి తల్లి తప్ప ఎవరూ లేరు. నెమ్మదైన మనిషి, ఎద్దుల్ని కూడా కసరడం నేను చూడలేదు. మధ్యాహ్నం కోత మనుషులంతా చెట్ల కింద నడుం వాలిస్తే ఆయన బావి దగ్గర ఎద్దుల్ని కడుగుతూ ఉండేవాడు. పిన్ని సరిగ్గా ఆ వేళకే నీళ్ళకు వెళ్ళేది. చిన్న బిందె పట్టుకుని నేనూ వెనకే వెళ్ళేదాన్ని కాబట్టి నాకు తెలుసు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. "ఎండ మండిపోతోంది కదండీ" అని ఆవిడ. "అవునండీ" అని ఆయన. ఆ మాత్రానికే పిన్ని పాక దాకా నవ్వుకుంటూ వచ్చేది.

ఆ ఏడు ఆయనే నాన్నను అడిగాడు. నాన్న అమ్మను అడిగాడు. అమ్మ పిన్నిని అడిగితే ఆవిడ బియ్యం చెరుగుతూ తలెత్తకుండా, "మీ ఇష్టం అక్కా" అంది. కోతలు అయ్యాక ఆయన తల్లిని తీసుకొస్తాడని, ఉన్నంతలో తాళి కట్టించుకుని పంపుదామని అనుకున్నారు. మా వాళ్ళలో మారుమనువు కొత్తేం కాదు. ఆ రాత్రి పక్కలో పడుకుని పిన్ని నా చెవిలో, "ఇంక ఆయన్ని బాబాయ్ అనాలే నువ్వు" అంది. మర్నాడు అలాగే పిలిచాను. ఆయన సిగ్గుపడి, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. పిన్ని తనతో పాటు నన్ను కూడా తీసుకెళ్తుందనే నేను గట్టిగా నమ్మాను.

రోహిణి కార్తెలో ఒక రోజు పొద్దుట్నుంచీ ఆకు కదల్లేదు. కుక్క బావి గట్టు నీడలో పడుకుని లేవనంది. సాయంత్రానికి పడమటి వైపు, జి. కొండూరు మీదుగా మబ్బు లేచింది. నల్లగా కాదు, కమిలిన దెబ్బలా ఉంది. అప్పటికే బండి నిండా రసాల గంపలు ఎత్తేశారు. నాన్న పైకి చూసి, "పొద్దున్నే వెళ్దువుగాని" అన్నాడు.

"ఎత్తిన కాయ ఆగదన్నా. ఎంతదూరం, ఊరు చేరిపోతాను" అన్నాడు ఆయన.

అప్పుడు పిన్ని పాకలోంచి బయటికొచ్చింది. నలుగురిలో ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

"వాన పట్టుకుంటే తడుస్తూ తోలకండి. ఎక్కడన్నా చెట్టు కింద ఆగండి."

ఆయన ఆవిడ వైపు చూసి, "అలాగే. ఆగుతాను" అన్నాడు. బండి కదిలింది.

చీకటి పడగానే గాలి వచ్చింది. ముందు చప్పుడు, తర్వాత దుమ్ము, ఆ తర్వాత పాక మీద తాటాకు ఒక్కొక్క కమ్మే లేచిపోవడం. నాన్న మమ్మల్ని లాక్కుని బావి దగ్గరి నీళ్ళింజను కొట్టంలోకి పరిగెత్తాడు. తోటలో రాతిగోడలున్నది అదొక్కటే. దారిలో వడగళ్ళు నెత్తిన పడుతుంటే పిన్ని నన్ను చెంగు కింద దాచింది. లోపల కిరసనాయిలు వాసన, కటిక చీకటి. బయట కాయ రాలుతున్న చప్పుడు. ఒకటీ రెండూ కాదు, తోటంతా ఎవరో గునపాలతో తవ్విపోస్తున్నట్టు. కొమ్మలు విరిగినప్పుడల్లా నాన్న ఏ చెట్టో చెప్పేవాడు. కాసేపటికి చెప్పడం మానేశాడు. అమ్మ ఆయాసంతో గోడకు చేరగిలబడి, పిడుగులప్పుడు అందరూ తలచుకునే పేర్లు గొణుగుతూ ఉంది.

పిన్ని గుమ్మం దగ్గరే నిలబడింది. మెరుపు మెరిసినప్పుడల్లా దూరంగా రోడ్డు తెల్లగా కనపడి మాయమయ్యేది.

"లోపలికి రావే, తడిసిపోతున్నావు" అంది అమ్మ.

"ఎక్కడో ఆగే ఉంటారు కదక్కా?"

"ఆగకేం, ఆగే ఉంటాడు."

ఆ మాట అంటుండగానే పిడుగు పడింది. కాళ్ళ కింద నేల అదిరింది. నేను పిన్ని నడుము పట్టుకుని ఏడ్చాను. ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

వాన ఎంతసేపటికి తెరిపిచ్చిందో చెప్పలేను. నీళ్ళలో ఏదో నడిచి వస్తున్న చప్పుడైంది. నాన్న లాంతరు వెలిగించి చూస్తే ఆయన బండి ఎద్దు. మెడలో తెగిన పలుపు వేలాడుతోంది. ఒక్కటే వచ్చింది. నాన్న లాంతరు తీసుకుని బయల్దేరాడు. అమ్మ వద్దంటున్నా పిన్ని ఆయన వెనకాలే బురదలో పరిగెత్తింది.

ఆయన నిజంగానే ఆగాడు. రోడ్డు పక్కన తాడిచెట్టు కింద బండి నిలిపి, ఎద్దుల్ని విప్పి కట్టేసి, చెట్టు మొదట్లో కూర్చున్నాడు. పిడుగు ఆ తాడి మీదే పడింది. రెండో ఎద్దు ఆయన పక్కనే పడి ఉంది.

పొద్దున నేను చూసేసరికి ఆయన మీద గోనెపట్టా కప్పి ఉంది. తోటలో చెట్లకు కాయ లేదు. రైతుగారు గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నారు. ఊళ్ళోవాళ్ళు గంపలతో వచ్చి రాలిన కాయ ఏరుకుంటున్నారు. మునసబుగారు ఆయన తల్లికి కబురు చెప్పమని మనిషిని పంపారు.

పిన్ని దూరంగా, విరిగిన కొమ్మల మధ్య నిలబడి ఉంది. శవం దగ్గరికి వెళ్ళబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఏమని వెళ్తావే? నువ్వు ఆయనకేమవుతావని అడిగితే ఏం చెప్తావు?" పిన్ని ఆగిపోయింది. "చెట్టు కింద ఆగమన్నది నేనే అక్కా" అంది. అమ్మ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అవతల ఆడవాళ్ళిద్దరు పిన్ని జాతకం గురించి గుసగుసలాడుకోవడం నాకు వినపడింది. పిన్నికీ వినపడే ఉంటుంది.

పొద్దు వాలే వేళకు తల్లి వచ్చింది. పొట్టిగా, వంగిపోయి, ఇంకొకరి బండి దిగి ఎవర్నీ పట్టుకోకుండా నడిచింది. పట్టా తీసి కొడుకు ముఖం చూసింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసి, "ఆ పిల్లేది? మావాడు చెప్పిన పిల్లేది?" అని అడిగింది.

ముసలమ్మ శాపనార్థాలు పెడుతుందని అమ్మ భయపడి పిన్నిని వెనక్కి లాగింది. పిన్ని చెయ్యి విడిపించుకుని ముందుకు నడిచింది. వెళ్ళి ఎదురుగా నిలబడి, "నేనే అత్తా. చెట్టు కింద ఆగమన్నది కూడా నేనే" అంది.

ముసలమ్మ ఆవిణ్ణి కింద నుంచి పైదాకా చూసింది. "తడవొద్దని చెప్పావు. నేనున్నా అదే చెబుదును" అంది. తన పక్కన నేల మీద చేత్తో తట్టి, "ఇలా కూర్చో తల్లీ. ఇక్కడ కూర్చుని ఏడువు" అంది.

అప్పటిదాకా పిన్ని ఏడవలేదు. ఆ ఏడుపు విని, కాయలు ఏరుకునేవాళ్ళు కూడా గంపలు దించేసి నిలబడిపోయారు.

ఆయన దినాలు అయ్యాక ఒక పొద్దున పిన్ని ముసలమ్మ దగ్గరికి వెళ్తానని రెండు చీరలు మూట కట్టుకుంది. నాన్న తెల్లబోయాడు.

"ఏ వరసన వెళ్తావమ్మా? తాళైనా కట్టలేదు కదా!"

"ఆవిడకి ఎవరూ లేరు బావా."

"నీకు మేం లేమా?"

"మీరున్నారు. ఆవిడకే లేరు."

నేను మూట పట్టుకుని వదల్లేదు. నన్ను కూడా తీసుకెళ్తానన్నావని అబద్ధం చెప్పి ఏడ్చాను. ఆవిడ ఆ మాట ఎప్పుడూ అనలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, "అమ్మను చూసుకో" అంది. ఆ ఏడాది నుంచి పొయ్యి దగ్గర నేనే కూర్చున్నాను.

పిన్ని ఎప్పుడో ఒకసారి వచ్చి, ఒక పూట ఉండి వెళ్ళేది. రాన్రాను అదీ తగ్గింది. అరవైల్లో నాకు పెళ్ళి కుదిరినప్పుడు నేనే బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. ముసలమ్మకు చూపు పోయింది. పిన్ని ఇంకొకరి పొలంలో కలుపు తీసి అప్పుడే వచ్చింది. జుట్టు సగం నెరిసింది. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి ఆ ఇంటి కోడలనే అంటున్నారు.

"పెళ్ళికి రా పిన్నీ. నువ్వు పక్కన ఉండాలి" అన్నాను.

"నేను రాకూడదమ్మా. శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే నేనెందుకు? నువ్వు చల్లగా ఉండాలి."

"అవేం మాటలు!"

నులక మంచం మీంచి ముసలమ్మ కేకేసింది. "వెళ్ళవే. ఆ పిల్ల అంత దూరం నుంచి వచ్చి అడుగుతుంటే! రెండు పూటలు నా పాట్లు నేను పడతాను."

ఎంత బతిమాలినా పిన్ని రానంది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే అన్నం తిన్నాను. బస్సు దాకా ఇద్దరం నడిచాం. ఎక్కబోతుంటే నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. ఆవిడ అరచేతులు గరుగ్గా ఉన్నాయి.

బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. అప్పటికే ఇంటివైపు తిరిగి గబగబా నడుస్తోంది. ముసలమ్మకు అన్నం పెట్టే వేళయింది.