షేక్‌హ్యాండ్ ఇచ్చారంటే ఇంటికే

2023 జూన్‌లో నేను ఖతార్‌లోని అల్ రయ్యాన్‌లో ఒక కాలేజీ భవనం కడుతున్న చోట సేఫ్టీ ఆఫీసరుగా ఉన్నాను. మాది కాకినాడ దగ్గర పల్లె. సేఫ్టీ ఆఫీసరంటే ఏం చేస్తావురా అని ఊళ్లో అడిగితే, హెల్మెట్ పెట్టుకోనివాళ్ల మీద అరవడానికి జీతమిస్తారని చెప్పి ఊరుకుంటాను. నిజానికి అరుపులు అందులో పావు వంతే. మిగతాదంతా ఇంకా జరగని ప్రమాదం గురించి జనాన్ని నమ్మించడం. మన పోరు పడలేక తలలూపుతారు, మనం అటు తిరగ్గానే బెల్టు విప్పేస్తారు.

ఆ ఏడాది మాకు కొత్త ప్రాజెక్ట్ మేనేజర్ వచ్చాడు. పేరు గ్లెన్, అమెరికా మనిషి, అరవైకి దగ్గర పడ్డ వయసు. పొద్దున పని మొదలుపెట్టే ముందు పనివాళ్లందరినీ నిలబెట్టి కాసేపు జాగ్రత్తలు చెబుతాం, దాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటాం. మొదటి రోజు టాక్‌లోనే ఆయన రెండు మాటలు చెప్పాడు. నన్ను సార్ అనొద్దు, గ్లెన్ అనండి అన్నది ఒకటి. ఈ సైట్‌లో స్టాప్ వర్క్ అథారిటీ అందరిదీ అన్నది రెండోది. అంటే ప్రమాదం కనిపిస్తే చీపురు పట్టినవాడైనా చెయ్యెత్తి పని ఆపేయొచ్చు, వాణ్ని ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు.

"మా దేశంలో పిల్లలకు నేర్పే కథలన్నీ ఇవే. ఒక్క మనిషి లేచి నిలబడితే చాలని," అన్నాడు. నేను హిందీలోనూ తెలుగులోనూ చెప్పాను. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మా తెలుగువాళ్లు బుద్ధిగా తలూపి, "సమజైంది గ్లెన్ సార్," అన్నారు.

నాకు లోపల నవ్వొచ్చింది. ఆ రూలు నేను చాలా కంపెనీల గోడల మీద చదివాను. ఎత్తిన చెయ్యి మాత్రం ఒక్కటీ చూడలేదు.

గ్లెన్‌కు ఇంకో నమ్మకం కూడా ఉండేది. కష్టపడితే ఎవడైనా పైకొస్తాడు, తానలాగే వచ్చానని. పద్దెనిమిదేళ్లకు ఇనుప కడ్డీలు మోశాడట, ఎవరి సాయమూ లేదట. ఒకరోజు భోజనం దగ్గర ఈ మాట మళ్లీ ఎత్తితే నాకు తిక్క రేగింది. "మా నర్సయ్య పదిహేనేళ్లుగా గల్ఫ్‌లో కష్టపడుతున్నాడు గ్లెన్. అప్పుడూ హెల్పరే, ఇప్పుడూ హెల్పరే. ఆయన కష్టంలో ఏం తక్కువైందంటావు?" అన్నాను. దానికి తన దగ్గర జవాబు లేదని ఆయన ఒప్పుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. అక్కడే ఆయన మీద నాకు కాస్త గురి కుదిరింది.

నర్సయ్యది జగిత్యాల దగ్గర ఊరు. క్రేన్ కొక్కేనికి బరువులు కట్టేవాణ్ని రిగ్గర్ అంటారు, నర్సయ్య ఆ రిగ్గర్లకు హెల్పర్. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడు, అందుకని అన్నా అనేవాణ్ని. ఆయన కాంట్రాక్టు ఆ నెలతో అయిపోతోంది. రెన్యువల్ అయితే ఊళ్లో ఇంటికి స్లాబు పడుతుంది, కాకపోతే పిల్లర్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఎవరితోనూ మాట పెంచుకోకుండా తలవంచుకు తిరిగేవాడు. వాళ్ల బావమరిది వేరే కంపెనీలో ఫోర్‌మన్‌కు ఎదురుచెప్పి వారం తిరక్కుండా విమానమెక్కాడు. ఆ భయం నర్సయ్యకు ఒంట్లోనే ఉండిపోయింది.

ఆ రోజు ఏసీ ప్లాంటుకు సంబంధించిన చిల్లర్ అనే పెద్ద యంత్రాన్ని క్రేన్‌తో డాబా మీదకు ఎక్కించాలి. ఇక్కడ ఎండాకాలంలో పొద్దున పదింటి నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదని చట్టం. పదిలోపే ఎక్కించేయాలని ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. పట్టీలతో కొక్కేనికి కట్టిన చిల్లర్ రెండో అంతస్తు ఎత్తుకు లేచింది. ఉన్నట్టుండి నర్సయ్య రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపాడు. ఆపమనే సైగ ఎవరు చేసినా క్రేన్ ఆపరేటర్ ఆపి తీరాలి. ఆపేశాడు.

నేను పరుగెత్తుకెళ్లాను. "పట్టీ తెగుతున్నది సారూ. తెల్లగ ఏలాడుతున్నది సూడు. కింద మనోళ్లు నలుగురున్నరు," అన్నాడు నర్సయ్య. అందరినీ దూరం జరిపి చిల్లర్‌ను మెల్లగా కిందికి దించారు. రిగ్గర్ పట్టీలన్నీ తడిమి చూశాడు. ఎక్కడా తెగలేదు. చిల్లర్ వచ్చిన చెక్కపెట్టెకు చుట్టిన ప్లాస్టిక్ నాడా ముక్కొకటి పట్టీకి చిక్కుకుని గాలికి ఊగుతోంది. అంతే.

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంతలో పదయింది, పని ఆగింది. క్రేన్ సాయంత్రం వేరే చోటికి పోవాలి కాబట్టి ఆ రోజుకు ఆ పని లేనట్టే. ఫోర్‌మన్ నోరు పారేసుకున్నాడు. "అబ్ ఘర్ జా కే హాథ్ ఉఠా," అన్నాడు. ఇక ఇంటికెళ్లి ఎత్తుకో చేతులు అని. నర్సయ్య బిక్కచచ్చిపోయి, "తప్పయింది సారూ, మాఫీ," అని నాకే దండం పెట్టాడు.

గ్లెన్ వచ్చాడు. జరిగింది నేను చెప్పాను. ఆయన గ్లవ్ తీసి నర్సయ్య చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు, భుజం తట్టాడు, "థ్యాంక్యూ మై ఫ్రెండ్," అన్నాడు. మీటింగుకు టైమవుతోందని కారెక్కి వెళ్లిపోయాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను నేను. నర్సయ్య ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఫోర్‌మన్ తిట్ల వల్ల కాబోలనుకుని, మర్నాటి క్రేన్ ఏర్పాట్లలో పడిపోయాను.

సాయంత్రం నర్సయ్య రూమ్మేట్ ఫోన్ చేశాడు. "సారూ, నర్సన్న డబ్బా కడుతుండు. జర మీరొచ్చి చెప్పుండ్రి."

ఇండస్ట్రియల్ ఏరియాలో వాళ్లుండే లేబర్ క్యాంప్‌కు వెళ్లాను. నర్సయ్య మంచం పక్కన కూర్చుని అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నాడు. పెట్టె మీద మార్కర్‌తో ఊరి పేరు కూడా రాయించేశాడు.

"ఎక్కడికన్నా?" అన్నాను.

"ఇంటికే. పెద్దసారు చెయ్యిచ్చి పంపిండు గద."

"అది మెచ్చుకోవడమన్నా. థ్యాంక్యూ అన్నాడుగా."

"పెద్దోళ్లు మా అసొంటోళ్లకు చెయ్యి ఎప్పుడిస్తరు సారూ? ఫైనల్ ఎగ్జిట్ నాడే ఇస్తరు. భుజం గూడ గప్పుడే కొడతరు. నేను మస్తు మందిని జూసిన."

వీసా రద్దయి తిరిగి రాకుండా వెళ్లిపోయేవాడికే, ఆఖరి రోజున, ఆఫీసు గుమ్మంలో పెద్దవాళ్లు చెయ్యి కలపడం నేనూ చూశాను. పనిలో ఉన్న కూలీకి చెయ్యిచ్చినవాణ్ని అంతవరకూ చూడలేదు. నవ్వబోయినవాణ్నల్లా ఆగిపోయాను. అక్కడే గ్లెన్‌కు ఫోన్ కలిపి సంగతి చెప్పాను. ఆయన, "రేపు పొద్దున అందరినీ పిలువు. ఆయన్ని పెట్టె విప్పమను," అన్నాడు. నర్సయ్య తాడు వదులు చేశాడు గానీ పెట్టె మాత్రం విప్పలేదు.

మర్నాడు టాక్‌లో గ్లెన్ నర్సయ్యను పక్కన నిలబెట్టుకున్నాడు. నేను ప్రతి మాటా హిందీలోనూ తెలుగులోనూ చెప్పాను.

"నిన్న ఈయన పొరపాటు పడ్డాడు. పట్టీ తెగలేదు. అయినా ఆపాడు. రేపు ఇలాగే పొరపాటు పడమని అడుగుతున్నాను, మీ అందరినీ. మా దేశంలో చెప్పుకునే కథల్లో లేచి నిలబడ్డవాడిదే ఎప్పుడూ ఒప్పు. అందరూ చప్పట్లు కొడతారు. నేను ఇరవై ఏళ్ల వయసులో మా ఊళ్లోనే ఒక పని ఆపాను. నాది తప్పని తేలింది. ఆ సాయంత్రమే నన్ను పంపించేశారు. కాబట్టి ఆ కథ మా దగ్గర కూడా సగం అబద్ధమే. ఈ సైట్‌లో ఉన్నంతవరకూ దాన్ని నిజం చేయాలని నాకుంది. నేనొక్కణ్నే చేయలేను, మీరు చెయ్యెత్తాలి."

తర్వాత ఫోర్‌మన్ వైపు తిరిగి, "నువ్వు కూడా," అంటూ నర్సయ్యకు చెయ్యివ్వమన్నాడు. ఫోర్‌మన్ ముఖం మాడ్చుకుని ఇచ్చాడు. ఆ తర్వాత వెనక వరసలో నుంచి మా తెలుగువాళ్లు ఒక్కొక్కరే వచ్చి నర్సయ్య చెయ్యి పట్టుకున్నారు. నర్సయ్య ఏడ్చేశాడు. ఆ వారంలోనే గ్లెన్ కంపెనీతో మాట్లాడి రెన్యువల్ చేయించాడు.

అమెరికావాళ్ల నమ్మకాలన్నీ నాకిప్పటికీ తలకెక్కవు. కష్టపడ్డ ప్రతివాడూ పైకొస్తాడంటే మా క్యాంపులో ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. నర్సయ్య నేటికీ హెల్పరే. అయితే ఆ రోజు నుంచి మా సైట్‌లో చేతులు లేవడం మొదలైంది. చాలావరకు ఉత్తవే. ఒకటి మాత్రం ఉత్తది కాదు, ఆ చెయ్యి లేచిన రోజు పరంజా కింద ఉన్న ఇద్దరు ఇవాళ బతికే ఉన్నారు. తాను చెప్పేది సగం అబద్ధమని ఒప్పుకుంటూనే దానికి కట్టుబడ్డ గ్లెన్‌కూ, నమ్మకం లేకపోయినా చెయ్యెత్తిన నర్సయ్యకూ నేను రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. నా ఉద్యోగం నాకు నేర్పింది వాళ్లిద్దరే.

ఆ మరుసటి ఏడాది నర్సయ్య సెలవు మీద ఊరెళ్లి, ఇంటికి స్లాబు వేసిన రోజు ఫోన్ చేశాడు.

"పని నడుమ ఓ ముసలాయన, మాలు మోసేటాయన, ఆపుండ్రి ఆపుండ్రి అని ఒర్లిండు సారూ. కింద కట్టె జారుతున్నదన్నడు. సూస్తె ఏం లేదు. ఉత్తదే. మేస్త్రి కొట్టబోయిండు."

"మరి నువ్వేం చేశావన్నా?"

"నేను వోయి షేక్‌హ్యాండ్ ఇచ్చిన. ఆయన వణికిండు. పనిలకెళ్లి తీసేస్తున్నవా బిడ్డా అన్నడు."

"నువ్వేమన్నావు?" అన్నాను.

"లేదు తాతా, రేపు గూడ నువ్వు రావాలె అన్న."