అవ్వ మధ్యలో ఆపిన పాట

మనవరాలి బడిలో కొత్త కోలాటం కోలల వార్నిష్ వాసన తగలగానే కోయంబత్తూరులో నా మూడో క్లాసు గుర్తొచ్చింది.

మా బడి క్లబ్బుల ఖర్చంతా మిల్లువాళ్ల ట్రస్టుదే. "కోలాటం క్లబ్బుకి కోలలూ, పాటలూ ట్రస్టే ఇస్తుంది" అంది టీచరు. ట్రస్టంటే ఎవరో మనిషనుకున్నాను.

శుక్రవారం కోలల కట్ట చంకన పెట్టుకుని ఒక ముసలామె వచ్చింది.

"ట్రస్టు నువ్వేనా అవ్వా?" అని అడిగాను.

"కాదు కణ్ణూ, నా బంగారూ. మిల్లులో నూలు చుట్టినదాన్ని. మా అమ్మ పాడిన తెలుగు పాటలు నాకొస్తాయని, మీకు నేర్పమని ట్రస్టువాళ్లు పిలిచినారు. మా ఇంట్లో పిల్లోళ్లంతా తమిళమే. ఇవి నాతోనే పోతాయనుకుంటి."

ఇంట్లో తెలుగు మాట్లాడినా, చదువంతా తమిళంలోనే కాబట్టి మాకు తెలుగు రాయడం రాదు. అవ్వ పాడుతుంటే తమిళ అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నాం.

వార్షికోత్సవం రోజు అవ్వ వేదిక పక్కన నిలబడి మాతోపాటు పాట ఎత్తుకుంది. రెండో చరణంలో ఆపేసింది. మేం ఆగకుండా చివరిదాకా పాడాం. పాపం, మర్చిపోయిందనుకుని, వేదిక దిగి వెళ్లి ఆ చరణం ఆమె చెవిలో చెప్పాను. ఆమె తలూపుతూ, కొత్తగా వింటున్నట్టు అంతా విన్నది.

అవ్వ ఏమీ మర్చిపోలేదు. మేం పాడుతుంటే వినాలని ఆగింది, అంతే. అది తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.